స్విచ్, పీఎస్5 కొన్నేళ్లు వాడాక నా సమీక్ష: కన్సోల్‌కి ఇంకా ఎంత పవర్ కావాలి?

మా ఇంట్లో టీవీ కింద వీడియోగేమ్‌లు ఆడుకునే కన్సోళ్లు రెండు ఉన్నాయి. ఒకటి 2017లో వచ్చిన నింటెండో స్విచ్, రెండోది సోనీ పీఎస్5. రెండిటినీ కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఏదీ అటకెక్కలేదు. అంకెలు చూస్తే వీటికి పోలికే లేదు. స్విచ్‌లో ఉన్న ఎన్విడియా టెగ్రా ఎక్స్1 చిప్ 2015 నాటిది. 4 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజి, 720పీ స్క్రీను. పీఎస్5లో 16 జీబీ మెమరీ, 10 టెరాఫ్లాప్స్ (చిప్ సెకనుకు ఎన్ని లెక్కలు చేయగలదో చెప్పే కొలత) దాటిన గ్రాఫిక్స్, సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్‌ఎస్‌డీ (వేగమైన స్టోరేజి). కొత్త కన్సోల్ వస్తోందంటే చాలు, మనవాళ్లు మొదట అడిగేది టెరాఫ్లాప్స్ ఎన్ని అనే.

నా మాట ముందే చెప్పేస్తాను. గ్రాఫిక్స్ కోసం ఈ పరుగు ఇక అక్కర్లేదు. పెరిగిన పవర్ వల్ల ఆడేవాడిగా నాకు నిజంగా ఒరిగినవి రెండే: లోడింగ్ పోవడం, ఫ్రేమ్‌రేట్ (సెకనుకు మారే బొమ్మల సంఖ్య) నిలకడగా ఉండటం.

ముందు పీఎస్5 గొప్పతనం చెప్పాలి, అది నిజంగా గొప్పదే కాబట్టి. 2019లో, ఇది ఇంకా తయారీలో ఉండగానే, దీన్ని డిజైన్ చేసిన మార్క్ సెర్నీ స్పైడర్‌మ్యాన్ ఆటతో ఒక డెమో చూపించారు. ఊళ్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి పీఎస్4 ప్రోలో 15 సెకన్లు పడితే, కొత్తదానిలో ఒక్క సెకను కూడా పట్టలేదు. దాని విలువ రోజూ ఆడేవాడికే తెలుస్తుంది. ఆఫీసు అయిపోయి, భోంచేసి, పిల్లలు పడుకున్నాక దొరికే ఆ కాస్త టైములో, చచ్చిన ప్రతిసారీ అరనిమిషం ఆగాల్సి వస్తే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, మనసు ఆటలోంచి బయటికి వచ్చేస్తుంది. పీఎస్5లో ఆ ఖాళీ లేదు. పడిపోగానే లేచి మళ్లీ కొట్లాటలోకి దిగిపోతాం కాబట్టి కష్టమైన బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ఎన్నిసార్లు ఓడినా విసుగు రాదు. ఈ సుఖం ఎస్‌ఎస్‌డీ స్పీడు ఇచ్చింది, గ్రాఫిక్స్ కాదు.

రెండోది ఫ్రేమ్‌రేట్. చాలా ఆటల్లో రెండు మోడ్‌లు ఇస్తారు. ఒకటి బొమ్మ బాగా కనపడటానికి, ఒకటి సెకనుకు 60 ఫ్రేములతో సాఫీగా నడవటానికి. నేను ప్రతి ఆటలోనూ రెండోదే పెట్టుకుంటాను. మంచం మీంచి 43 అంగుళాల టీవీ చూస్తే 4కే బొమ్మకీ అంతకంటే తక్కువ దానికీ తేడా నా కంటికి ఆనదు, 30కీ 60కీ తేడా మాత్రం వేళ్లకి వెంటనే తెలిసిపోతుంది. రే ట్రేసింగ్ (వెలుగునీ ప్రతిబింబాలనీ నిజంలా చూపించే పద్ధతి) అందంగానే ఉంటుంది, కాదనను. అద్దాల మేడల మీద ఊరంతా ప్రతిబింబిస్తుంటే మొదట్లో ఆగి మరీ చూశాను. తర్వాత ఆటలో మునిగిపోయాక ఆ అద్దాల వైపు చూసే తీరికే ఉండదు.

ఇక స్విచ్. 2023 మేలో దీని మీద ‘జెల్డా: టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ వచ్చింది. అందులో అల్ట్రాహ్యాండ్ అని ఒక శక్తి ఉంటుంది. కనిపించిన దుంగ, చక్రం, ఫ్యాను, రాకెట్టు, ఏదైనా పట్టుకుని ఒకదానికొకటి అతికించి బండి చేసుకోవచ్చు, పడవ చేసుకోవచ్చు, గాల్లో ఎగిరే యంత్రం చేసుకోవచ్చు. చక్రం వంకరగా పెడితే బండి పక్కకి లాగుతుంది. ఒకవైపు బరువెక్కువైతే ఎగిరేది ఒరిగిపోతుంది. నది దాటడానికి ఆట నాకు ఒక దారి చూపిస్తే, నేను పొడుగాటి దుంగలు వరసగా అతికించి వంతెన వేసుకుని నడిచి వెళ్లిపోయాను, ఆట కాదనలేదు. పైన ఆకాశంలో దీవులు, మధ్యలో నేల, అడుగున చీకటి లోకం ఉంటాయి. పైనుంచి దూకితే నేలలోని గోతిలోంచి అడుగుదాకా ఎక్కడా లోడింగ్ స్క్రీను లేకుండా పడిపోతూ వెళ్లచ్చు. ఇదంతా 4 జీబీ ర్యామ్‌లో! దీన్ని తయారుచేసినవాళ్లు 2024లో జీడీసీ అనే గేమ్ డెవలపర్ల సదస్సులో దీని గురించి వివరించారు. అల్ట్రాహ్యాండ్ పెట్టగానే ఆట లోకమంతా చెడిపోవడం మొదలైందట, అందుకని తలుపులూ గేర్లతో సహా అన్నిటినీ భౌతిక సూత్రాల ప్రకారమే కదిలేలా మళ్లీ చేసుకొచ్చారు. 2022లో రావాల్సిన ఆటని 2023కి వాయిదా వేశారు కూడా. పీఎస్5 మీద నేను ఆడిన ఏ ఆటలోనూ ఇంత స్వేచ్ఛ చూడలేదు.

దీనికి లోపాలు లేవని కాదు. ఇది 30 ఫ్రేముల ఆట, మరీ ఎక్కువ భాగాలు అతికించినా, గుంపులో కొట్లాట జరిగినా ఆ 30 కూడా నిలవదు. టీవీ మీద అంచులు గరుకుగా కనపడతాయి. అయినా ఆట ఆపాలనిపించలేదు. ఇదే స్విచ్ మీద 2022 నవంబరులో పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ వచ్చాయి, అవి ఎంత తడబడ్డాయంటే తర్వాతి అప్‌డేట్ నోట్‌లో నింటెండో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. రెండిటి వెనకా ఉన్నది అదే చిప్, అదే ర్యామ్. ఒకదానికి ఏళ్ల తరబడి చెక్కే టైము దొరికింది, ఇంకోదానికి దొరకలేదు.

హార్డ్‌వేర్ చాలక నిజంగా దెబ్బతిన్న ఆటలూ ఉన్నాయి. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 పీఎస్4 మీద ఎంత ఘోరంగా నడిచిందో గుర్తుండే ఉంటుంది. సోనీ తన స్టోర్‌లోంచే దాన్ని తీసేసింది, మళ్లీ 2021 జూన్‌లో గానీ పెట్టలేదు. నిండుగా జనం, బళ్లు ఉన్న ఊరిని పాత హార్డ్‌డిస్కు నుంచి లాగుతూ, నీరసమైన ప్రాసెసర్ మీద నడపడం కష్టం. అదే ఆట 2025 జూన్‌లో, తర్వాత వచ్చిన అదనపు కథతో సహా, చేతిలో పట్టుకునే స్విచ్ 2 మీద నడిచింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల తక్కువ పవర్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కథ ఇంకోటి. బాల్డర్స్ గేట్ 3లో ఇద్దరు ఒకే టీవీ మీద స్క్రీను పంచుకుని ఆడే సౌకర్యం దానికి కుదరక, ఆ ఆట ఎక్స్‌బాక్స్‌కి 2023 డిసెంబరు దాకా రాలేదు. పీఎస్5కి సెప్టెంబరులోనే వచ్చేసింది. కాబట్టి మెమరీ, స్టోరేజి స్పీడు, ప్రాసెసర్, ఈ మూడింట్లో పిసినారితనం చేస్తే ఆటే మారిపోతుంది. గ్రాఫిక్స్ చిప్ కాస్త తగ్గితే బొమ్మ మసకబారుతుంది, అంతే. స్విచ్ మీద విచర్ 3 అలాగే ఆడాను, బొమ్మ మసకే, అయినా కథ ఎక్కడా పలచబడలేదు.

పవర్‌కి మనం కట్టే ధర గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు, నాకు బాధ అక్కడే. పీఎస్2 299 డాలర్లకి వచ్చి 2009 నాటికి 99కి దిగింది. పీఎస్5 అమెరికాలో 499కి వచ్చి, ఐదేళ్లకి తగ్గకపోగా 2025 ఆగస్టులో 549 దాటింది. పీఎస్5 ప్రో 2024లో వచ్చినప్పుడే దాదాపు 700, అదీ డిస్క్ డ్రైవ్ లేకుండా. మన దేశంలోనైతే అప్పుడది విడుదలే కాలేదు, అందులోని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. ఆటల ఖర్చు చూస్తే ఇంకా భయమేస్తుంది. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కి 22 కోట్ల డాలర్లు అయ్యాయని 2023లో అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది. అంత డబ్బు పెట్టాక ఏ కంపెనీ కొత్త ఆలోచనకి ధైర్యం చేస్తుంది చెప్పండి? అందుకే సీక్వెళ్లు, పాత ఆటలకే మెరుగులు దిద్దిన రీమాస్టర్లు, రెండు మంచి ఆటల మధ్య ఏళ్లకి ఏళ్లు ఎదురుచూపులు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. పీఎస్5 పెద్ద ఆటలకి దాదాపు 200 వాట్లు లాగుతుంది. స్విచ్‌కి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు, పైగా బ్యాటరీ ఉంది. ఎండాకాలం సాయంత్రం కరెంటు పోతే మా ఇంట్లో ఆడేది స్విచ్ ఒక్కటే.

సంక్రాంతికి అందరం కలిసినప్పుడూ అంతే. అక్క పిల్లలు రాగానే “మామయ్యా, నాకు ఎర్ర రిమోటు” అని పోటీ పడతారు. ఆడేది మారియో కార్ట్ 8 డీలక్స్, దాని మూలం 2014లో నింటెండో పాత కన్సోల్ వీ యూ మీద వచ్చిన ఆట. కంట్రోలర్‌ని రెండుగా విడదీసి ఇద్దరి చేతుల్లో పెట్టచ్చన్న ఆలోచనకి టెరాఫ్లాప్స్‌తో పనిలేదు.

నింటెండోకి ఈ దారి కొత్తది కాదు. 1989లో గున్‌పే యొకోయి బృందం చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్‌ని రంగులు లేని, లైటు లేని స్క్రీనుతో తెచ్చింది. రంగుల అటారీ లింక్స్, సేగా గేమ్ గేర్ బ్యాటరీలు కొన్ని గంటల్లోనే తాగేసేవి, గేమ్ బాయ్ వాటిని చాలా వెనక వదిలేసింది. మన ఇళ్లల్లో 90ల్లో క్యాసెట్లు ఊది ఊది పెట్టుకుని ఆడిన సూపర్ మారియో కూడా మొత్తం కలిపి 40 కేబీయే.

తర్వాతి ప్లేస్టేషన్‌లో నేను చూసేది మెమరీ, స్టోరేజి, డిస్క్ డ్రైవ్, ధర. పీఎస్5 మొదటి మోడల్‌లో 825 జీబీ అని రాసినా వాడుకోవడానికి మిగిలేది 667, ఒక్కో ఆట వంద జీబీ దాటుతుంటే అది ఏ మూలకి? టెరాఫ్లాప్స్ ఎంత పెరిగినా దానికోసమే మాత్రం పాతది మార్చను.

స్విచ్ 2 కొనాలని మాత్రం ఉంది. స్నేహితుడి ఇంట్లో దాని మీద జెల్డా 60 ఫ్రేములతో ఆడి చూశాను. అదే ఆట, కానీ బాణం గురిపెట్టడం దగ్గర్నుంచి అన్నీ తేలికైపోయాయి. నింటెండో ఇక్కడ నేరుగా అమ్మదు కాబట్టి మీరూ నాలాగే ఇంపోర్ట్ సరుకు కొనేటట్టయితే వారంటీ ఎవరిస్తారో అడగండి, ఆటలు దాచుకోవడానికి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి కాబట్టి పాత కార్డు పనికొస్తుందనుకోకండి. చౌకగా దొరుకుతోందని జపాన్ మోడల్ మాత్రం తీసుకోవద్దు, అందులో జపనీస్ భాష ఒక్కటే ఉంటుంది, జపాన్ అకౌంట్ ఉంటేనే పనిచేస్తుంది.