నొక్కితే పడని పాత షట్టర్: బాగుచేయించడమా, మార్చడమా, మూతతో కానిచ్చేయడమా?

గుంటూరు అరండల్‌పేటలో మా బాబాయి స్టూడియో మూసేశాక పెట్టె కెమెరా మా ఇంటికి చేరింది. టేకు పెట్టె కేరళలోని ఆలెప్పీలో చేసిన వాగీశ్వరి అనే కెమెరా. దానికి బిగించిన లెన్స్ మాత్రం జర్మనీ సరుకు, కాంపూర్ అనే షట్టర్‌లో (ఫొటో తీసేటప్పుడు తెరుచుకుని మూసుకునే రేకుల యంత్రం) బిగించిన టెస్సార్ లెన్స్. స్పీడు మార్చే చిన్న చక్రం నెత్తిన ఉంటుంది, 1912లో మొదలైన తరహా. కాక్ అవుతోంది, అంటే లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటోంది, కానీ కేబుల్ (షట్టర్‌ని దూరం నుంచి నొక్కే తీగ) నొక్కితే షట్టర్ పడదు. లీవర్‌ని వేలితో నెడితే పదిసార్లకు రెండుసార్లు పడేది.

నేను చేసిన మొదటి పని కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయడం. ఆ రెండుసార్లు కూడా పోయాయి. ఈ షట్టర్ల రేకులు పొడిగా ఉంటేనే కదులుతాయి. నూనె వాటి మధ్యకు పాకితే అద్దానికి అంటిన తడి కాగితంలా కరుచుకుంటాయి. పైగా మన ఊరి ఎండకు, దుమ్ముకు ఆ నూనె జిగురవుతుంది.

విప్పే ముందు చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది కేబుల్. కొన్నిటికి పిన్ చాలినంత బయటికి రాదు, తప్పు షట్టర్‌దే అనుకుంటాం. ఇంకో కేబుల్ పెట్టి చూడాలి, మర అరిగిందేమో కూడా గమనించాలి. రెండోది Z, D, M అక్షరాలున్న మీట. M మామూలు స్పీడ్లకు. D మీద నొక్కినంతసేపు తెరుచుకుని ఉంటుంది, Z మీద ఒక నొక్కుకు తెరుచుకుని ఇంకో నొక్కుకు మూసుకుంటుంది. ఈ రెండింటికీ కాక్ చేయకూడదు. ఆ సంగతి తెలియక బలవంతంగా లాగి విరగ్గొట్టినవాళ్లున్నారు. D మీద చక్కగా తెరుచుకుని M మీద మొరాయిస్తే రిలీజ్ లీవర్ దాదాపు బాగున్నట్టే, జబ్బు లోపల ఉంది. D మీద కూడా కదలకపోతే లీవర్‌నో, దాన్ని వెనక్కి లాగే వెంట్రుకంత స్ప్రింగ్‌నో, అంటుకున్న రేకుల్నో అనుమానించాలి. నాది ఈ రెండో రకం.

అక్కడి నుంచి అసలు లెక్క మొదలవుతుంది. షట్టరే మార్చేద్దామంటే అందరూ చెప్పేది కోపాల్ అనే జపాన్ కంపెనీ షట్టర్. నంబర్ 1 రకం 1 సెకను నుంచి 1/400 దాకా కొడుతుంది. కానీ ఆ కంపెనీ పెద్ద కెమెరాల షట్టర్లు చేయడం మానేసింది, దొరికేది పాతదే. అదైనా తెచ్చి పెట్టుకోవచ్చు కదా అంటే, మన టెస్సార్ ముందు వెనక గాజులు దాని మరలో పట్టవు. లేతు మీద అడాప్టర్ చేయించాలి. రెండు గాజుల మధ్య దూరం కాస్త మారినా బొమ్మ పదును పోతుంది. అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) అంకెలూ మళ్లీ రాసుకోవాలి. లెన్స్ కన్నా షట్టర్ ఖరీదయ్యే బేరం నాకు నచ్చలేదు.

ఇక అసలు షట్టరే లేకుండా, లెన్స్ మూత తీసి పెట్టే పద్ధతి. పాతకాలం స్టూడియోలు అలానే నడిచాయి. ఫొటో పేపర్‌నే నెగటివ్‌గా వాడితే దాని వేగం (వెలుతురును పట్టే చురుకు) చాలా తక్కువ, ISO 6 ప్రాంతంలో ఉంటుంది. నీడలో రంధ్రాన్ని బాగా చిన్నది చేసి f/32 దగ్గర పెడితే సుమారు 5 సెకన్లు కావాలి, చేత్తో మూత తీసి పెట్టడానికి బోలెడు టైము. ఉండవల్లి గుహల్ని అలా తీశాను, బాగానే వచ్చాయి. మా అన్నయ్య కూతుర్ని తీస్తే మూడు ముక్కులు వచ్చాయి.

చివరికి షట్టర్‌ని విజయవాడ వన్‌టౌన్‌లో ఒక వాచీ రిపేరు పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. గాజులు ముందే చేత్తో విప్పేసి ఖాళీ షట్టర్ మాత్రమే ఇచ్చాను. ఇది ముఖ్యం, గాజు మీద గీత పడితే ఎవరూ బాగుచేయలేరు. ఆయన కంటికి అద్దం తగిలించుకుని చూసి, "ఇది గడియారమేనండీ, ముళ్లు లేవంతే" అన్నారు. "నూనె పోసిందెవరు?" అని కూడా అడిగారు. తల దించుకున్నాను.

స్ప్రింగ్ కొక్కెం నుంచి జారింది. దాన్ని తిరిగి తగిలించి, రేకుల్ని లైటర్‌లో పోసే పెట్రోలుతో మూడుసార్లు కడిగి ఆరబెట్టారు. (కొన్ని పాత షట్టర్ల రేకులు లోహంవి కావు, గట్టి రబ్బరువి. వాటిని అలా ముంచకూడదు, ముందే చెప్పాలి.) నేనే ఇంట్లో చేసుకోలేనా అంటే, కడగడం వరకు చేసుకోవచ్చు. ఆ స్ప్రింగ్ మాత్రం పట్టకారులోంచి ఎగిరి మంచం కిందకి పోతే మళ్లీ దొరకదు. కెమెరా స్పెషలిస్టుకు వేరే ఊరు పంపడం దీనికన్నా మేలే, నెలల తరబడి ఆగగలిగితే, పార్సిల్ టెన్షన్ తట్టుకోగలిగితే. స్లో స్పీడ్ల పళ్లచక్రాలు అరిగి ఉంటే అదొక్కటే దారి.

నాది కేబుల్‌తో మొదటి నొక్కుకే పడుతోంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టాను. 1 సెకను అని పెడితే సెకనున్నర తెరుచుకుని ఉంటోంది. ఆ ముక్క ఒక చీటీ మీద రాసి లెన్స్ బోర్డు వెనక అంటించాను.