పాలకొల్లు నుంచి యునోహోస్ట్: ఇతరులు చేసిన ఆప్‌లు వాడి, నాదొకటి పంచాక

మా ఇంట్లో సొంత సర్వర్ నడిపే యునోహోస్ట్ కొన్నేళ్లుగా ఒక పాత లాప్‌టాప్ మీద నడుస్తోంది. లాప్‌టాప్‌నే ఎంచుకోవడానికి కారణముంది. పాలకొల్లులో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో, తుఫాను రోజుల్లో పోయింది ఎప్పుడు వస్తుందో చెప్పలేం. బ్యాటరీ ఉన్న యంత్రానికి వేరే యూపీఎస్ అక్కర్లేదు. ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్, పాస్‌వర్డ్‌లకు వాల్ట్‌వార్డెన్, వార్తలకు ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్. ఇవి అందరూ వాడేవే, వాటి మీద నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎక్కడో ఉన్నవాళ్లు తీరిక వేళల్లో తయారు చేసి పెట్టే ప్యాకేజీల గురించే, అంటే ఒక ఆప్‌ను యునోహోస్ట్‌లో అమర్చే స్క్రిప్టుల కట్టల గురించే ఈ సమీక్ష.

తెలియనివారికి రెండు మాటలు. యునోహోస్ట్ 2012లో ఫ్రాన్స్‌లో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. డెబియన్ అనే లినక్స్ మీద కూర్చుంటుంది. బ్రౌజర్‌లోనే డొమైన్లు, యూజర్లు, సర్టిఫికెట్లు, ఆప్‌లు అన్నీ చూసుకోవచ్చు. చాలా ఆప్‌లకు ఒకే లాగిన్ సరిపోతుంది. మా పెదనాన్నగారికి ఇంకో పాస్‌వర్డ్ నేర్పాల్సిన పని తప్పినందుకు ఈ ఒక్క సౌకర్యానికే నేను సగం మార్కులు వేస్తాను. మిగతా ఇంటి సర్వర్ వ్యవస్థలు ఎక్కువగా డాకర్ పెట్టెల్లో, అంటే ఒక్కో ఆప్‌కు కావలసినవన్నీ దానితోపాటే విడిగా మూటగట్టి, ఆప్‌లను నడిపిస్తే, ఇది నేరుగా డెబియన్‌లోనే అమరుస్తుంది. అందువల్ల తక్కువ మెమరీ ఉన్న యంత్రం మీద కూడా హాయిగా నడుస్తుంది. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, దాని దగ్గరకు వస్తాను.

ముందు ఇంటర్నెట్ సంగతి. మా వీధికి వచ్చే కేబుల్ కనెక్షన్‌లో ఇంటింటికీ సొంత ఐపీ చిరునామా ఉండదు, చాలా ఇళ్లకు కలిపి ఒకటే. అంటే బయటినుంచి వెబ్‌సైట్లు వాడే 80, 443 పోర్టులకు ఎవరూ రాలేరు, ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ భద్రతా సర్టిఫికెట్ కూడా మామూలు పద్ధతిలో రాదు. అద్దెకు ఒక చిన్న వీపీఎస్ (బయట సొంత ఐపీ ఉన్న సర్వర్) తీసుకుని, ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో సొరంగం వేశాను. ఇలాంటి కనెక్షన్ ఉన్నవారు ఈ నెలవారీ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. మెయిల్ సర్వర్ కూడా ఇందులోనే వస్తుంది కానీ ఇంటి కనెక్షన్ మీద దాని జోలికి వెళ్లకండి.

ఆప్‌ల జాబితాలో వందల పేర్లు ఉంటాయి. ప్రతి ప్యాకేజీని ఆటోమేటిక్‌గా పరీక్షించి ఒక స్థాయి అంకె ఇస్తారు. సున్నా అంటే పనిచేయడం లేదని అర్థం. జాబితాలో లేని ఆప్ కావాలంటే దాని ప్యాకేజీ కోడ్ ఉన్న గిట్ చిరునామా ఇస్తే చాలు, పెద్ద హెచ్చరిక చూపించి ఇన్‌స్టాల్ చేసేస్తుంది. ఆ హెచ్చరికను ఉత్తుత్తిదని కొట్టిపారేయకండి. ప్యాకేజీలోని స్క్రిప్టులు రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద పూర్తి అధికారంతో నడుస్తాయి. రాసినవాడు మంచివాడే అయినా, నిద్రమత్తులో ఒక్క వరుస తప్పు రాస్తే చాలు, పోయేది మీ యంత్రం.

అందుకే నేను ఆప్ బొమ్మలు చూడను, ప్యాకేజీ లోపలికి వెళ్తాను. ఇన్‌స్టాల్ స్క్రిప్టు ప్రతివాడూ శ్రద్ధగానే రాస్తాడు. బ్యాకప్, రీస్టోర్ స్క్రిప్టులు చూస్తే అసలు పనితనం తెలుస్తుంది. డేటాబేస్‌ను కలుపుకుంటున్నాడా? అప్‌లోడ్ చేసిన ఫైళ్ల ఫోల్డర్‌ను మరిచిపోయాడా? చివరి మార్పు ఎప్పుడు జరిగింది? వెర్షన్ చివర ~ynh1 అనే తోక ఉంటుంది. ప్యాకేజీలో మార్పు జరిగినప్పుడు ఆ అంకె పెరుగుతుంది. అసలు ఆప్ కొత్త వెర్షన్లు వస్తున్నా ప్యాకేజీ కదలకుండా ఉందంటే, చేసినవాడు వదిలేశాడని అనుకోవచ్చు.

ఇప్పుడు ఆ రెండో ముఖం. కొబ్బరి దింపు లెక్కలకు మా పెదనాన్నగారు ఒక చిన్న పైథాన్ ఆప్ వాడేవారు. ఏ చెట్ల వరుసలో ఎన్ని కాయలు, దింపినవారికి ఎంత, వ్యాపారి ఎంత ఇచ్చాడు, అంతే. దాని ప్యాకేజీ చేసినాయన మధ్యలోనే మానేశారు. సర్వర్‌ను డెబియన్ 11 నుంచి 12కు మార్చినప్పుడు పైథాన్ 3.9 పోయి 3.11 వచ్చింది, ఆప్ లేవలేదు. డాకర్ పెట్టెలో ఉండి ఉంటే అదే పాత పైథాన్‌తో నడిచేది. అయితే అలా ఎన్నాళ్లయినా పాతదే, భద్రతా లోపాలతో సహా. నాకు యునోహోస్ట్ పద్ధతే నయమనిపిస్తుంది, ఎందుకంటే పాడైనది పాడైనట్టు కనిపిస్తుంది. పెదనాన్నగారికి మాత్రం ఈ వాదన రుచించలేదు. "నడిచేదాన్ని ఎందుకు కదిపావురా?" అన్నారు. డేటాబేస్‌లోంచి లెక్కలన్నీ బయటికి తీసి ఎక్సెల్‌లో పెట్టి ఇచ్చాను. ఆయన ఇప్పటికీ అందులోనే రాసుకుంటున్నారు.

నేను చేసిన ఆప్ రొయ్యల చెరువులకు. మొగల్తూరు వైపు చెరువులున్న మా బావగారు, "మేత పుస్తకం తడిసి అక్షరాలు చెదిరిపోతున్నాయండీ, ఫోనులో రాసుకునేలా ఏదైనా చూడండి బావగారూ" అని అడిగారు. రోజూ వేసిన మేత, చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మిగిలింది, పీహెచ్, లవణీయత, ఆక్సిజన్, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు). పంట చివర ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు ఎంత మేత పట్టిందో. ఆప్ రాయడం కన్నా ప్యాకేజీ చేయడానికే ఎక్కువ ఓపిక పట్టింది. అయినా ఇప్పటి పద్ధతి పాతదానికన్నా ఎంతో మేలు. manifest.toml అనే ఒక్క ఫైలులో ఏ పోర్టు, ఏ డేటాబేస్, ఎవరికి అనుమతి, సోర్సు ఎక్కడినుంచి, అది మారలేదని సరిచూసే sha256 అంకె ఎంత అని చెబితే మిగతా ఏర్పాట్లు వ్యవస్థే చూసుకుంటుంది. అప్‌గ్రేడ్‌కు ముందు బ్యాకప్ కూడా తనే తీస్తుంది. నమూనాగా example_ynh అనే ప్యాకేజీ ఉంది, దాన్ని తీసుకుని మార్చుకుంటూ వెళ్లవచ్చు.

పంచడం అంటే గిట్ చిరునామా ఇవ్వడమే. ఆ తర్వాత మాత్రం తీరిక ఉండదు. చెరువు తవ్వకం ఒక సీజన్ పని, నీళ్లు చూసుకోవడం రోజూ పని. ఒకరికి యాభై సెంట్ల చెరువు ఎకరాల్లో రాయడం కుదరలేదు. ఇంకొకరికి రాత్రి మేత గడి కావాలి. అధికారిక జాబితాలో చేర్చమని కొందరు అడిగారు. డెబియన్ మారినప్పుడల్లా వెంటపడి సరిచేసే పూచీ పడలేక నేను ఒప్పుకోలేదు. ప్యాకేజీ మొదటి పేజీలోనే ఆ ముక్క రాసి పెట్టాను.

భీమవరం వైపు వాడుతున్న ఒకాయన నా జవాబు కోసం ఆగలేదు. లైసెన్సు అనుమతిస్తుంది కాబట్టి ప్యాకేజీ కాపీ తీసుకుని, చెక్ ట్రేలో మిగిలినదాన్ని బట్టి మర్నాటి మేత తగ్గించి చూపించే లెక్క చేర్చుకున్నారు. ఆయన బ్యాకప్, రీస్టోర్ స్క్రిప్టులు వరుస వరుసా చదివాను. బాగున్నాయి. బావగారి సర్వర్‌లో నాది తీసేసి ఆయనది వేశాను.