బోర్డు మీద మాంటిస్సోరి అని ఉంది కదా అని ఫీజు కట్టేయకండి

మా పాపకి మూడేళ్లు నిండాక ఇంట్లో రెండు నెలల పాటు ఒకటే చర్చ. మాంటిస్సోరి, అంటే పిల్లలు తమకి నచ్చిన పని తామే ఎంచుకుని చేసుకుంటూ నేర్చుకునే పద్ధతి, మన పిల్లకి పడుతుందా, పడదా? పది నిమిషాలు కుదురుగా కూర్చోదు, అలాంటిదాన్ని దాని ఇష్టానికి వదిలేస్తే ఇంకేమైనా ఉందా అని మా ఆయన. బలవంతంగా కూర్చోబెట్టే చోటికన్నా అదే నయం అని నేను. ఇంత వాదించుకున్నాం కానీ, మేం చేర్చబోతున్న చోట అసలు మాంటిస్సోరి ఉందా అన్న ప్రశ్న మాత్రం ఇద్దరికీ తట్టలేదు. స్కూలు పేరు రాయను. ఇలాంటివి చాలానే ఉన్నాయి కాబట్టి పేరుతో పనిలేదు కూడా.

దెబ్బ తిన్నాక తెలిసిన సంగతి ముందు చెప్తాను. మాంటిస్సోరి అన్న పేరు ఎవరి సొత్తూ కాదు. ఈ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి పిల్లల బడి తెరిచారు. 1929లో ఏఎంఐ (అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనల్) అనే అంతర్జాతీయ సంస్థ పెట్టారు. ఆ సంస్థ టీచర్లకు శిక్షణ ఇస్తుంది, డిప్లొమా ఇస్తుంది. అంతేకానీ ఆ పేరు మీద దానికి గుత్తహక్కు లేదు. అమెరికాలో అయితే ఇది అందరూ వాడుకునే మామూలు మాటేనని 1967లోనే తేల్చేశారు. కాబట్టి బోర్డు మీద ఆ పేరుంటే, పెయింటర్ చేత రాయించారని మాత్రమే అర్థం.

మేం చూడటానికి వెళ్లిన రోజు అంతా ముచ్చటగా ఉంది. పిల్లల ఎత్తుకి సరిపోయే చెక్క అరలు, వాటి మీద వరసగా సామగ్రి, మూలన పింక్ టవర్. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అది 10 గులాబీ రంగు ఘనాలు, పెద్దది 10 సెంటీమీటర్లు, చిన్నది 1 సెంటీమీటర్. ఒకదాని మీద ఒకటి పేర్చాలి. మా పాప రెండుసార్లు పేర్చింది. నేను అక్కడికక్కడే ఫారం నింపేశాను.

చేరిన మూడో వారంలో ఒకరోజు డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉండి మధ్యలో తీసుకురావడానికి వెళ్లాను. గదిలో బల్లలు వరసగా వేసున్నాయి. అందరి ముందూ ఒకే కాగితం, అందులో ఒకే యాపిల్. అందరూ ఎరుపే వేయాలి. గీత దాటకుండా వేసినవాళ్ల చేతి మీద స్టార్ స్టిక్కర్. సామగ్రి అంతా గాజు తలుపుల బీరువాలో ఉంది, తాళం వేసి. పింక్ టవర్ బీరువా మీదకెక్కింది, అందులో అన్నిటికన్నా చిన్న ఘనం లేదు.

"అవి తీయరా అండీ?" అని టీచర్‌ని అడిగాను.

"మాంటిస్సోరి పీరియడ్ వారానికి రెండు రోజులు ఉంటుందండీ, 40 నిమిషాలు. రోజూ ఇస్తే పోగొట్టేస్తారు."

పాపం, ఆ అమ్మాయిని ఏమనాలి? ఆమెకి ఎవరు నేర్పారని? ఇంటికొచ్చే దారిలో మా పాప చెప్పింది, "అవి చూసే బొమ్మలమ్మా, ముట్టుకోకూడదు."

నిజమైన మాంటిస్సోరిలో పొద్దున దాదాపు మూడు గంటలు మధ్యలో ఆపకుండా పిల్లలకి వదిలేస్తారు. బెల్లు ఉండదు. పిల్ల తనకి కావాల్సింది తీసుకుని, చాప పరుచుకుని, తనివి తీరేదాకా చేసి, తీసినచోట పెడుతుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారు, పెద్దవాళ్లను చూసి చిన్నవాళ్లు నేర్చుకుంటారు. మేం చేర్చిన చోట మూడేళ్లవాళ్లు ఒక గది, నాలుగేళ్లవాళ్లు ఇంకో గది. స్టార్లు, బహుమతుల లాంటివి కూడా ఆ పద్ధతిలో ఉండవు. తప్పు చూపించే పని సామగ్రే చేస్తుంది. చెక్క దిమ్మలోని కన్నాల్లో రకరకాల సైజుల సిలిండర్లు సరిగ్గా పెట్టే ఆటనే తీసుకోండి. ఒకటి తప్పు కన్నంలో పెడితే చివరిది మిగిలిపోతుంది, పిల్ల తనే వెనక్కి వెళ్లి సరిచేసుకుంటుంది. మా పాపకైతే ఆ సిలిండర్లు దొరికిన ఒకటి రెండుసార్లు కూడా పక్కన ఎవరో ఒకరు చేయి పట్టుకుని పెట్టించారట.

నెలన్నరకి మానిపించేశాం. ఫీజు తిరిగివ్వం అన్నారు. గట్టిగా అడిగితే బ్రోచర్ తీసి చూపించారు. అందులో "మాంటిస్సోరి స్ఫూర్తితో" అని ఉంది. ఆ "స్ఫూర్తితో" నేను చదవకపోలేదు, చదివి కూడా పట్టించుకోలేదు!

కాబట్టి మీరు వెళ్తే, స్కూలు చూపిస్తామన్న రోజున కాకుండా మామూలు రోజున ఒక పొద్దుటిపూటంతా మూల కూర్చుని చూస్తామని అడగండి. వద్దంటే ఎందుకు వద్దో అడగండి. టీచర్ శిక్షణ ఎక్కడ, ఏ వయసు పిల్లలకి తీసుకున్నారో కనుక్కోండి. వారాంతంలో చేసిన వర్క్‌షాప్ సర్టిఫికెట్ చూపిస్తే అది శిక్షణ కాదు. సామగ్రి అంచులు చూడండి. స్కూలు పెట్టి ఐదేళ్లయినా అవి కొత్తగా నిగనిగలాడుతుంటే నాకైతే అనుమానమే. మధ్యలో మానేస్తే ఫీజు సంగతేంటో డబ్బు కట్టకముందే రాయించుకోండి.

ఆ తర్వాత ఇంకో చోటికి వెళ్లి ఇలాగే కూర్చున్నాను. ఒక బాబు కూజాలోంచి కూజాలోకి నీళ్లు పోస్తున్నాడు. ఒలికాయి. ఎవరూ పరిగెత్తుకు రాలేదు. వాడే గుడ్డ తెచ్చుకుని తుడిచి, మళ్లీ మొదలుపెట్టాడు. కుదురు లేదని మేం దిగులుపడిన మా పాప గుండీలు పెట్టడం నేర్చుకునే గుడ్డ చట్రం దగ్గర ఇరవై నిమిషాలు కదల్లేదు. అలాగని అందరికీ అదే మంచిదని చెప్పను. వేషాలు వేసుకుని గోలగోలగా ఆడే ఆటలు అక్కడ తక్కువ. మా అక్క కొడుకు లాంటివాడికి ఊపిరాడదు.

చేర్చాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఫారం మాత్రం ఈసారి ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆయన పెన్సిల్ పట్టుకుని రెండోసారి చదువుతున్నారు.