ఆ "రెడీమేడ్ క్రాస్ కంపైలర్" ప్యాక్ కొనకండి, అందులో కంపైలరే లేదు

సొంత ఓఎస్ రాసుకునేవాళ్లకి ఐ686-ఎల్ఫ్ టూల్‌చెయిన్ (ఏ ఓఎస్‌కీ చెందని 32 బిట్ల కోడ్ తయారుచేసే క్రాస్ కంపైలర్, దాని తోడు పనిముట్లు) కట్టి ఇస్తా, అన్‌జిప్ చేసి కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) మొదలుపెట్టడమే అని అమ్ముతుంటాడు చూడండి, వాడే. పేరు రాయను. ఈ పిచ్చి ఉన్నవాళ్లలో సగంమందికి తెలిసే ఉంటుంది.

బిన్‌యుటిల్స్ (లింకర్ లాంటి పనిముట్లు), జీసీసీ (సీ కంపైలర్) సోర్స్ నుంచి నేనే బిల్డ్ చేద్దామని ఓసారి కూర్చున్నా. జీఎంపీ లేదు, ఎంపీసీ లేదు (జీసీసీకి కావాల్సిన లెక్కల లైబ్రరీలు) అంటూ కాన్ఫిగర్ దశలోనే ఆగిపోయింది. విసుగొచ్చి కొనేశా. ఊరికే దొరికేదానికి డబ్బు కట్టిన మహానుభావుణ్ణి, తిట్టేవాళ్లు ముందు నన్నే తిట్టండి.

మొదటి రోజే లింకర్ (కోడ్ ముక్కల్ని కలిపి ఒక ప్రోగ్రాం చేసేది) "స్టాక్ చెక్ ఫెయిల్" అనే ఫంక్షన్ దొరకట్లేదంది. నేను రాయని ఫంక్షన్! స్టాక్ మెమరీ పాడైతే పిలవాలని కంపైలర్ తనే ఇరికించింది. అడిగితే, "ఆ పేరుతో ఖాళీ ఫంక్షన్ ఒకటి పెట్టెయ్యండి సర్, అందరూ అదే చేస్తారు" అన్నాడు. పెట్టేశా. నేను లైనక్స్ కోసం పుట్టిన కంపైలర్ని బాబూ అని అది మొత్తుకుంటుంటే దాని నోరు నా చేత్తోనే మూశా.

తర్వాత జీడీటీ (మెమరీ సెగ్మెంట్లు ఏవో ప్రాసెసర్‌కి చెప్పే పట్టిక) లోడ్ చేసిన ప్రతిసారీ క్యూఈఎంయూ (కెర్నల్‌ని నడిపి చూసుకునే నకిలీ కంప్యూటర్) రీబూట్. మూడు వారాంతాలు పోయాయి. ఆ పట్టికలో ఒక్కో డిస్క్రిప్టర్లో ఒక్కో బిట్టూ కాగితం మీద వేసి చూసుకున్నా. చివరికి ఇంటరప్ట్ లాగ్ ఆన్ చేస్తే 13వ ఎక్సెప్షన్ (జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్), దాని వెనకే 8 (డబుల్ ఫాల్ట్), ఆపైన ట్రిపుల్ ఫాల్ట్, అంటే రీబూట్. ఎక్సెప్షన్ వస్తే ఎక్కడికెళ్లాలో చెప్పే ఐడీటీ పట్టిక ఇంకా రాయలేదు కాబట్టి ఆ 8, ట్రిపుల్ ఫాల్ట్ సరే. కానీ 13 ఎక్కణ్ణుంచి? ఆబ్జ్‌డంప్‌లో (కంపైలైన కోడ్‌ని విప్పి చూపే పనిముట్టు) ఆ అడ్రస్ తీస్తే, జీఎస్ సెగ్మెంట్లో 20వ బైట్ దగ్గర ఏదో చదువుతోంది. నేను జీఎస్‌లో సున్నా పెట్టుకున్నా, అంటే అక్కడ ఏ సెగ్మెంటూ లేదు. 32 బిట్ల లైనక్స్ ప్రోగ్రాములకి స్టాక్ కానరీ (స్టాక్ పాడైందా అని పట్టుకునే కాపలా విలువ) ఉండేది అక్కడ. నా కెర్నల్లో దానికేం పని?

అప్పుడు వాడికి మెసేజ్ పెట్టా, మర్యాదగానే: "ఇది ఏ జీసీసీ వెర్షన్ అండి? ఏ టార్గెట్‌తో కాన్ఫిగర్ చేశారు?"

జవాబు: "ఓఎస్ రాస్తావా నువ్వు? కంపైలర్ పనిచేస్తోంది, నీ కోడే చెత్త. ముందు సీ నేర్చుకునిరా."

డబ్బు పడేదాకా "సర్, మీరు". పడ్డాక "నువ్వు". నేను తిరిగి టైప్ చేసేలోపే బ్లాక్ చేశాడు. సిగ్గులేకుండా చెప్తున్నా, ఆ మాట చూసి నిజంగానే నా కోడే తప్పేమో అని ఇంకో గంట జీడీటీ చూసుకున్నా. అదీ నా బతుకు.

తర్వాత ఎందుకో వాడిచ్చిన ఐ686-ఎల్ఫ్-జీసీసీ మీద ఫైల్ కమాండ్ (ఫైలు ఏ రకమో చెప్పేది) కొట్టా. "షెల్ స్క్రిప్ట్" అంది. తెరిచి చూస్తే మూడే మూడు లైన్లు. మొదటిది షెల్ పేరు. రెండోది వాడి పేరు మీద కాపీరైట్ కామెంట్ (అవును, కాపీరైట్!). మూడోది నా మెషీన్లో ముందునుంచీ ఉన్న జీసీసీనే ఎం32 (32 బిట్ల కోడ్ ఇవ్వమని), నో-పై (స్థిరమైన అడ్రస్‌లో నడిచే కోడ్ ఇవ్వమని) ఫ్లాగులతో పిలవడం. కింద ఓఎస్ లేదని చెప్పే ఫ్రీస్టాండింగ్ ఫ్లాగ్ కూడా పెట్టలేదు, అదొక్కటి ఉన్నా ఆ కానరీ గోల తప్పేదేమో. పైన పటారం, లోన లొటారం. జీసీసీని అమ్ముకోవడం తప్పు కాదు, దాని జీపీఎల్ లైసెన్స్ ఒప్పుకుంటుంది, సోర్స్ ఇస్తే చాలు. వీడు ఆ బాధ కూడా పెట్టుకోలేదు. అసలు జీసీసీయే ఇవ్వలేదు.

ఇప్పటికే కొన్నవాళ్లుంటే ఆ కంపైలర్‌ని డంప్‌మెషీన్ ఆప్షన్‌తో (ఏ టార్గెట్‌కి కట్టారో చెప్పేస్తుంది) నడిపి చూడండి. ఐ686-ఎల్ఫ్ అని రావాలి, లైనక్స్ అన్న మాట కనిపిస్తే మీరూ నా బ్యాచే. కొననివాళ్లు బైసన్, ఫ్లెక్స్, జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ ముందే పెట్టుకుని, బిన్‌యుటిల్స్ తర్వాత జీసీసీ బిల్డ్ చేసుకోండి. జీసీసీ మొత్తం అక్కర్లేదు, కంపైలర్, దాని సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీ చాలు. వితౌట్-హెడర్స్ ఆప్షన్ (టార్గెట్‌కి సీ లైబ్రరీ లేదని చెప్పేది) మర్చిపోవద్దు.

నిన్న రాత్రి నేనూ అదే చేశా. ఆ ఖాళీ ఫంక్షన్ పీకేశా. జీడీటీ మొదటిసారికే లోడయింది, అందులో ఒక్క బిట్టు కూడా మార్చలేదు.