పిల్లల కీళ్ల నొప్పికి కాపడం: రబ్బరు బ్యాగా, కరెంటు బ్యాగా?

అనంతపురం సాయినగర్ మెడికల్ షాపుల్లో హాట్ వాటర్ బ్యాగ్ అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి నీళ్లు పోసుకునే రబ్బరుది, ఇంకోటి ప్లగ్ పెట్టుకునేది. పెద్దవాళ్ల నడుం నొప్పికైతే ఏదైనా సరే. జువెనైల్ ఆర్థరైటిస్‌తో (పిల్లలకు వచ్చే కీళ్ల వాపు జబ్బు) పొద్దున్నే మోకాళ్లు బిగుసుకుపోయి మంచం దిగలేకపోయే పిల్లలకు మాత్రం రబ్బరుదే కొనండి.

కరెంటు బ్యాగులో వేడి మన చేతిలో ఉండదు. వేడి హద్దుకు చేరగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ పనిచేసే సమయానికి లోపలి ద్రవం పిల్లల చర్మం ఓర్చుకునే వేడిని దాటిపోయి ఉంటుంది. లోపల గాలి చేరినా, థర్మోస్టాట్ పట్టేసినా సంచి ఉబ్బుతుంది, చిట్లే ప్రమాదం కూడా ఉంది. ఎలాగూ ఇంట్లో ఉందంటే బల్ల మీద వేడి చేసి, ప్లగ్ పూర్తిగా తీసేశాకే పిల్లల దగ్గరికి తీసుకెళ్లాలి.

రబ్బరు బ్యాగుకున్న లోపం సైజు. ఎక్కువగా దొరికేది రెండు లీటర్లది. నిండా పోస్తే రెండు కిలోల పైన బరువు, వాచిన మోకాలు దాన్ని మోయలేదు. లీటరుకు తక్కువది దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే పెద్దదాన్నే సగానికి తక్కువ నింపి, బల్ల మీద పడుకోబెట్టి, నీళ్లు మూతి దాకా వచ్చేలా గాలి నొక్కేసి బిరడా బిగించండి. గాలి పోతే సంచి మెత్తగా మోకాలి చుట్టూ ఒదుగుతుంది. మోకాలి మీద పెట్టొద్దు, పక్కన ఆనించండి.

అసలు తప్పు జరిగేది నీళ్ల దగ్గర. మరిగిన నీళ్లు నేరుగా పోయకూడదు. ఒక గ్లాసు మరిగినవాటికి రెండు గ్లాసుల మామూలు నీళ్లు కలిపితే సుమారు 50 డిగ్రీలొస్తాయి. పైన మందపాటి టవల్ ఒక చుట్టు. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే అయిదారు సెకన్లలో కాలుస్తాయి, పిల్లల చర్మం ఇంకా పలచన. 44 డిగ్రీలైనా గంటల తరబడి ఆనితే కాలుతుంది, కాబట్టి రాత్రంతా పక్కలో ఉంచడం వద్దే వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు చేసే ఉప్పు మూట కాపడంలోనూ ఇదే చిక్కు: పెనం మీద ఉప్పు ఎంత వేడెక్కిందో తెలియదు.

ఇంకొకటి, నొప్పి బామ్ రాసి దాని పైన కాపడం పెడతారు. బామ్‌లోని మందు వేడికి ఎక్కువగా లోపలికి ఇంకి బొబ్బలెక్కుతాయి. రెండూ కలపకండి.

బడికి బయల్దేరడానికి గంట ముందు, పిల్లలు ఇంకా మంచం మీద ఉండగానే 15 నిమిషాలు పెట్టండి. తీసిన వెంటనే మడమను పక్క మీద జారుస్తూ మోకాలు పదిసార్లు మెల్లగా ముడిచి చాపించాలి. ఇది మానేస్తే కాలు మళ్లీ బిగుసుకుంటుంది, పెట్టిన కాపడమంతా వృథా. కీలు ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉన్న రోజున మాత్రం కాపడం వద్దు. తడిగుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు చాలు.

ఈ బ్యాగుకు ఇంకో ఉపయోగముంది, ఎవరూ చెప్పరు. రాత్రి నొప్పితో నిద్ర రానప్పుడు, గోరువెచ్చటి నీళ్లు కొద్దిగా పోసి పొట్ట మీద పెట్టి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలమనండి. సంచి పైకి లేచి దిగడం చూస్తూ పిల్లలు ఊపిరి మీద ధ్యాస పెడతారు, ఒళ్లు సడలుతుంది. గంటకోసారి "నొప్పి ఉందా?" అని అడగడం కన్నా ఇది ఎంతో మేలు. అలా అడిగిన ప్రతిసారీ మనసు మళ్లీ నొప్పి మీదికే పోతుంది.

కాపడం మందుకు బదులు కాదు. వాపు తగ్గకపోయినా, జ్వరం తోడైనా, కాలు కింద పెట్టలేకపోయినా డాక్టరుకు చూపించాలి. జువెనైల్ ఆర్థరైటిస్ ఉన్న పిల్లలకు నొప్పి, ఎరుపు లేకుండానే కంట్లో వాపు రావచ్చు. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం కంటి పరీక్ష మానొద్దు.

రబ్బరు బ్యాగు ధర రెండు మూడు వందల దగ్గర ఉంటుంది. మన బోరు నీళ్లకు బిరడా వాషర్ చుట్టూ సున్నపు పొర కట్టి నీళ్లు కారతాయి. వాడాక బోర్లించి ఆరబెట్టండి. రబ్బరును మడిస్తే సన్నని పగుళ్లు కనిపించిన రోజే పారేయండి. పగుళ్లు లేకున్నా రెండేళ్లకు కొత్తది కొనాలి.