"కొత్త చోటు కదా, రెండ్రోజుల్లో తింటుంది" అన్న మాట నమ్మి మా పిల్లికూనను పోగొట్టుకున్నాం. కొనేవాళ్లు జాగ్రత్త

ముందుగా ఒక్క మాట. మీ ఇంట్లో చిన్న పిల్లికూన ఉండి, అది పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదంటే ఇది తర్వాత చదువుకోవచ్చు, ముందు వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. మేము ఆ ఫోన్ ఒకటిన్నర రోజు ఆలస్యంగా చేశాం.

మేముండేది హైదరాబాద్‌లో. మా పాప ఆరో తరగతి. పిల్లి కావాలని రెండేళ్లుగా అడుగుతోంది. ఈ సెలవుల్లో కొంటామని మాటిచ్చాం. ఫోన్‌లో వెతికితే పర్షియన్ జాతి కూనల ప్రకటనలు కుప్పలు తెప్పలుగా కనిపించాయి. మేము మాట్లాడిన అతను చాలా మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడాడు. కూన వయసు 75 రోజులు, మొదటి టీకా అయిపోయింది, కార్డు కూడా ఇస్తాను, లిట్టర్ ట్రే (మలమూత్రాలకు పెట్టే ట్రే) అలవాటైంది, పైగా 48 గంటల హెల్త్ గ్యారంటీ అన్నాడు. ఎర్ర బంతితో ఆడుకుంటున్న తెల్లటి కూన వీడియో పంపాడు. పాప అప్పుడే దానికి మీగడ అని పేరు పెట్టేసింది. ఇక మేమేం ఆలోచిస్తాం? 12,000కు మాట్లాడుకుని 3,000 అడ్వాన్సు పంపేశాం.

ఇంటికి వచ్చి తల్లిని కూడా చూసి తీసుకెళ్తామంటే, "మా నాన్నగారికి ఒంట్లో బాలేదు మేడమ్, మెట్రో స్టేషన్ దగ్గరికి నేనే తెచ్చిస్తా" అన్నాడు. పాపం అనుకుని సరేనన్నాం. అసలు అక్కడే వెనక్కి తగ్గాల్సింది. శనివారం సాయంత్రం ఒక అట్టపెట్టెలో కూనను, ఒక కవరులో కార్డును చేతిలో పెట్టి, మిగతా డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. రశీదు అడిగితే కార్డే రశీదు అన్నాడు.

ఆదివారం మీగడ కొంచెం తింది, ఎక్కువసేపు పడుకుంది. చిన్నపిల్ల కదా, నిద్ర ఎక్కువేమో అనుకున్నాం. సోమవారం పొద్దున గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెనక్కి వెళ్లి సోఫా కింద కూర్చుంది. మధ్యాహ్నం కూడా అంతే. నేను అతనికి ఫోన్ చేశాను. "కొత్త చోటు కదా మేడమ్, తల్లి మీద బెంగ. రెండ్రోజుల్లో అదే తింటుంది. ఇప్పుడే హాస్పిటల్‌కు తీసుకెళ్తే అక్కడి కుక్కలను చూసి ఇంకా భయపడుతుంది" అన్నాడు. ఎన్నో కూనలను పెంచినవాడు చెబుతున్నాడు కదా అని నమ్మాను. కూనలు కొత్త ఇంట్లో కాస్త బెదిరిపోవడం నిజమే కాబట్టి ఆ మాట అబద్ధంలా అనిపించలేదు. కానీ బెదిరిన కూనైనా ఇల్లు సద్దుమణిగాక రాత్రిపూట వచ్చి నాలుగు ముద్దలు తింటుంది. మంగళవారం తెల్లారి చూస్తే గిన్నెలో ఒక్క గింజ కూడా తగ్గలేదు.

ఆ రోజు మధ్యాహ్నం పసుపు రంగు నురగ కక్కుకుంది. తర్వాత నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లి, గిన్నె మీదికి తల వంచుకుని కూర్చుంది. తాగదు, లేవదు. దాహంగా ఉన్నట్టే ఉంది కానీ నాలుక పెట్టదు. పాప చూసి "అమ్మా, అది నీళ్లలో తన మొహం చూసుకుంటోంది" అంది. ఆ కూర్చునే తీరు ఈ జబ్బులో తరచుగా కనిపించే గుర్తని సాయంత్రం డాక్టర్ గారు చెప్పేదాకా మాకు తెలియదు.

డాక్టర్ గారు ముందు తూకం వేశారు. 520 గ్రాములు. నోరు తెరిచి పళ్లు చూశారు. "రెండున్నర నెలలని ఎవరు చెప్పారమ్మా? వెనక పళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి, కళ్లల్లో ఇంకా నీలం పోలేదు. ఆరు వారాలుంటే గొప్ప" అన్నారు. తర్వాత రక్తం తీసి, కిట్ టెస్ట్ కూడా చేశారు. పాన్‌ల్యూకోపీనియా. కుక్కల్లో పార్వో అంటారే, దానికి దగ్గరి చుట్టమైన వైరస్. పేగులనూ, తెల్ల రక్తకణాలు తయారయ్యే మూలుగనూ దెబ్బతీస్తుంది. ఐదు వేలకు పైనే ఉండాల్సిన తెల్లకణాలు మీగడకు 1,100 ఉన్నాయి. మనుషులకు అంటదు, కానీ టీకా పడని కూనలను ఎక్కువగా తీసుకెళ్లిపోతుందని చెప్పారు. దానికి నేరుగా మందు లేదు. సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షన్, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్, ఒళ్లు వెచ్చగా ఉంచడం, ఇవి చేస్తూ దాని ఒంటికి కాస్త సమయం సంపాదించిపెట్టాలి, అంతే. ఆ సమయాన్నే మేము సోఫా కింద పోగొట్టాం.

మూడు రోజులు చేతనైనంతా చేశారు. మీగడ శుక్రవారం తెల్లవారుజామున పోయింది.

ఇప్పుడు ఆ కార్డు సంగతి చెప్పాలి. కొనేవాళ్లు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. కార్డు చూడ్డానికి చక్కగా ఉంది, తేదీ ఉంది, స్టిక్కర్ ఉంది, సంతకం ఉంది. డాక్టర్ గారు దాన్ని లైటు కింద పెట్టి చూపించారు. స్టిక్కర్ మీద గడువు తేదీ, టీకా వేసినట్టు రాసిన తేదీకి రెండు నెలల ముందే అయిపోయింది. వేరే సీసా మీది స్టిక్కర్ పీకి అతికించి ఉండాలి. సంతకం కింద డాక్టర్ పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. ఇంకొకటి, కార్డు మీద తేదీనే నిజమనుకుంటే ఆ రోజుకు కూన వయసు మూడు వారాలు. పిల్లికూనలకు మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున కనీసం 16 వారాల వయసు వచ్చేదాకా వేస్తూ పోవాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అందుకే అన్నిసార్లు. కాబట్టి "ఒక టీకా అయిపోయింది, ఇక భయం లేదు" అన్న మాట, కార్డు నిజమైనదైనా సరే, సగం మాటే.

నాకు ఇప్పటికీ కడుపు మండేది ఆ 48 గంటల గ్యారంటీని తలుచుకుంటే. ఈ వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అమ్మేవాడి ఇంట్లో అంటుకున్న జబ్బు కొన్నవాడి ఇంట్లో బయటపడుతుంది, ఎక్కువసార్లు ఆ 48 గంటలు దాటాకే. మా విషయంలో మొదటి గుర్తు సోమవారం పొద్దున్నే కనిపించింది, అంటే గడువులోనే. "రెండ్రోజులు ఆగండి" అన్న మాటతో ఆ గడువు కాస్తా సోమవారం సాయంత్రానికి దాటిపోయింది. మంగళవారం ఫోన్ చేస్తే "టైమ్ అయిపోయింది కదా మేడమ్" అన్నాడు. నాకు అప్పుడు గానీ అర్థం కాలేదు. మీకు ఎవరైనా అలాంటి గ్యారంటీ ఇస్తే కనీసం 15 రోజులకు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వనన్నవాళ్ల దగ్గర కొనకండి.

తినని రోజుల్లో చుట్టుపక్కలవాళ్లు ప్రేమగా చెప్పే సలహాలు కూడా ప్రమాదమే, అందుకని ఇది రాస్తున్నాను. ఒళ్లు వేడిగా ఉందని మా కింది ఫ్లాట్ ఆవిడ పారాసిటమాల్ బిళ్లలో పావు ముక్క నూరి వేయమన్నారు. నేను బిళ్ల తెచ్చి పెట్టుకున్నాను కూడా, మా వారు ఆగమనబట్టి ఆగాను. పారాసిటమాల్ పిల్లులకు విషం, చిన్న ముక్కతో కూడా ప్రాణం పోతుంది. మా అమ్మ ఫోన్‌లో ఆవుపాలు పట్టమంది. పెద్దవాళ్లందరూ అదే చెబుతారు, కానీ చాలా పిల్లులకు పాలు పడవు, అసలే వాంతులు అవుతున్నప్పుడు విరేచనాలు కూడా తోడైతే ఒంట్లో నీరంతా పోతుంది. సిరంజితో బలవంతంగా పోయడం ఇంకో పొరపాటు. వాంతులవుతున్న కూనకు అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాక్టర్ చూసి పోయమంటేనే పోయాలి.

కుక్క ఒక పూట మానేసినా మరుసటి పూట సర్దుకుంటుంది. పిల్లి అలా కాదు. కూనల ఒంట్లో నిల్వ ఏమీ ఉండదు, సగం రోజు తినకపోతే చక్కెర పడిపోయి చల్లబడిపోవచ్చు. పెద్ద పిల్లి అయితే ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌తో మాట్లాడాలి. రెండు మూడు రోజులు దాటితే ఒంట్లో కొవ్వు లివర్‌కు చేరి లివర్ పనిచేయడం మానేయొచ్చు, లావుగా ఉన్న పిల్లులకు మరీ ఎక్కువ. చిగుళ్లు, కళ్లు పచ్చబడ్డాయంటే అప్పటికే చాలా దూరం వెళ్లినట్టు. తినకపోవడానికి కారణం ప్రతిసారీ ఇంత పెద్దది కాకపోవచ్చు. జలుబుతో ముక్కు మూసుకుపోయి వాసన తెలియకపోయినా పిల్లి తినదు, నోట్లో పుండ్లున్నా తినదు. తిండిని గోరువెచ్చగా చేసి పెడితే వాసన తేలి తినొచ్చు కూడా. ఒక పూటకు అది ప్రయత్నించండి. రెండో పూటకు మాత్రం ఆగకండి.

మీగడ పోయాక ఇల్లు శుభ్రం చేయడం ఇంకో పెద్ద పని అయింది. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు, చెప్పులకూ బట్టలకూ అంటుకుని వెళ్లగలదు. మేము వెంటనే ఫినాయిల్, డెటాల్ తీశాం. రెండూ ఈ వైరస్‌ను నమ్మకంగా చంపవు, పైగా పిల్లులకు హాని. బట్టలకు వాడే మామూలు బ్లీచ్ ఒక వంతుకు 32 వంతుల నీళ్లు కలిపి, తుడిచి, పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడగమన్నారు. లిట్టర్ ట్రే, బొంత, బొమ్మలు అన్నీ పారేశాం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర ఒక వీధి పిల్లి, దానికి మూడు కూనలు ఉన్నాయి. అతనికి చెప్పి, మా అంతస్తుకు అవి రాకుండా చూడమన్నాను. వాటికి టీకాలు మేమే వేయించాం. ఇప్పటికి క్షేమంగానే ఉన్నాయి. రోజూ పొద్దున గిన్నె ఖాళీ అయిందో లేదో చూసి గానీ పాప స్కూల్ బస్సెక్కడం లేదు.

కొనాలనే అనుకుంటే, కూన పెరిగిన ఇల్లు చూడకుండా, తల్లిని చూడకుండా కొనకండి. ఆ ఇంట్లో మిగతా కూనల ముక్కులు, కళ్లు కారుతున్నాయా, ట్రేలో విరేచనాలున్నాయా చూడండి. మీ ఎదురుగా గిన్నెలో తిండి పెట్టించి అది తినేదాకా కూర్చోండి. వంటింట్లో వాడే చిన్న తూకం తీసుకెళ్లినా తప్పు లేదు, రెండు నెలలు నిండిన కూన దాదాపు 800 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. అది తింటున్న తిండే వారానికి సరిపడా తెచ్చుకోండి. ఇంటికి తెచ్చేముందే దారిలో డాక్టర్‌కు చూపించండి. డబ్బు మొత్తం యూపీఐలోనే, అమ్మేవాడి సొంత పేరు మీదున్న ఖాతాకే పంపండి. మేము మిగతా 9,000 నగదుగా ఇచ్చి ఆధారం పోగొట్టుకున్నాం.

చట్టం కూడా తెలుసుకుని వెళ్లండి. 2018 నాటి పెట్ షాప్ నిబంధనల ప్రకారం జంతువులు అమ్మే షాపు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ నంబర్ అడగండి. అడగ్గానే గొంతు మారిపోయిందంటే అదే మీకు జవాబు. మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. కార్డు, చాటింగ్, డాక్టర్ రిపోర్టు అన్నీ దాచిపెట్టుకున్నాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కొన్న ధర 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు లేదు, అక్కడికీ వెళ్తున్నాం. ఆస్పత్రికి మాకు 14,000 దాకా అయింది. ఆ డబ్బు రావాలని కాదు, ఆ కార్డు ఒకసారి అధికారుల చేతిలో పడాలని.

మీగడ పోయిందని చెప్పినప్పుడు అతను మొదట "మీరు ఫుడ్ మార్చి ఉంటారు" అన్నాడు, తర్వాత "ఇంకో కూన ఉంది, మీకు 6,000కే ఇస్తా" అన్నాడు. వైరస్ ఉన్న ఇంట్లోకి ఇంకో టీకా పడని కూన. వద్దన్నాక నా నంబర్ బ్లాక్ చేశాడు. నిన్న మా చెల్లి తన ఫోన్‌లో అతని స్టేటస్ చూసి నాకు పంపింది. అదే వీడియో. ఎర్ర బంతి, దాని వెనక మీగడ. కింద వయసు 75 రోజులు అని రాసి ఉంది.