టాల్‌స్టాయ్ ఇల్లా, చేహోవ్ ఇల్లా?

రష్యాలో మెడిసిన్ చదివే మన పిల్లలు, వాళ్లని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలు పదేపదే అడుగుతున్నారు: మాస్కోలో ఒక రోజు ఖాళీ దొరికితే రచయిత టాల్‌స్టాయ్ ఎస్టేట్ యాస్నయా పొల్యానా చూడాలా, రచయిత చేహోవ్ ఎస్టేట్ మెలిఖోవో చూడాలా?

దగ్గరదనం చూస్తే మెలిఖోవోనే. మాస్కో నుంచి 70 కిలోమీటర్లలోపే. లోకల్ రైలెక్కి చేహోవ్ అనే ఊళ్లో దిగి బస్సు పట్టుకోవడమే. యాస్నయా పొల్యానా తూలా నగరం అవతల, 200 కిలోమీటర్ల దూరం. పొద్దున్నే బయల్దేరకపోతే కుదరదు.

నేను మాత్రం ఒక్కటే చూస్తాను: ఆ ఇల్లు అసలుదేనా? రష్యాలో రచయితల ఎస్టేట్లు చాలావరకు కాలో కూలో మళ్లీ కట్టినవే. మెలిఖోవోలో పెద్ద ఇల్లూ అంతే. తోటలో ఉన్న చిన్న కొయ్య ఇల్లు అసలుది. 1895లో చేహోవ్ ‘సీగల్’ నాటకం రాసింది అందులోనే.

యాస్నయా పొల్యానాలో టాల్‌స్టాయ్ 1910లో తెల్లవారకముందే చీకట్లో వదిలి వెళ్లిపోయిన ఇల్లే ఇప్పటికీ నిలబడి ఉంది. ఆయన పుట్టిన తోలు సోఫా, దాదాపు 22,000 పుస్తకాలు అక్కడే ఉన్నాయి. 1941లో జర్మన్ సైన్యం నెలన్నర తిష్ఠవేసి, పోతూ పోతూ నిప్పు పెట్టింది. మ్యూజియం సిబ్బందే ఆర్పారు. విలువైన వస్తువుల్ని అంతకుముందే సైబీరియాలోని తోమ్‌స్క్‌కి తరలించారు కాబట్టి బతికాయి. తమాషా ఏమిటంటే, ఆయన పుట్టిన పెద్ద భవనం మాత్రం లేదు. దాన్ని కుర్రతనంలో ఆయనే అమ్మించేశాడు, కొన్నవాళ్లు విప్పి పట్టుకుపోయారు. మిగిలిన పక్క ఇంట్లోనే ‘యుద్ధము-శాంతి’ పుట్టింది. సమాధి అడవిలో, లోయ అంచున. శిలువ లేదు, పేరు చెక్కిన రాయి లేదు, గడ్డి మొలిచిన దిబ్బ అంతే. అంత పేరున్న మనిషికి ఇంత చిన్న దిబ్బా అని అక్కడ కాసేపు నోట మాట రాదు.

అడిగేది ఎంబీబీఎస్ పిల్లలైతే నా తక్కెడ కొంచెం మెలిఖోవో వైపు ఊగుతుంది. చేహోవ్ కూడా డాక్టరే; 1892 కలరా రోజుల్లో జీతం తీసుకోకుండా పాతిక పల్లెల వైద్యం చూశాడు. రోగులు మెలిఖోవో ఇంటికే వచ్చేవారు.

మరో రచయిత తుర్గేనెవ్ గారి ఎస్టేట్ స్పాస్కొయె, ఓర్యోల్ నగరం దారిలో వెళ్లేవాళ్లకి సరే. కవి పుష్కిన్ ఊరు మిఖాయిలొవ్‌స్కొయె ఒక్క రోజులో తెమిలే పని కాదు.

సోమవారం వెళ్లకండి, రెండు మ్యూజియాలకీ సెలవు. టాల్‌స్టాయ్ ఇల్లు సాధారణంగా గైడుతో గుంపుగా చూపిస్తారు, చెప్పేది రష్యన్‌లో. అమ్మానాన్నలు వెళ్తే పిల్లల్ని వెంట తీసుకెళ్లాలి; వాళ్ల రష్యన్ ఎంతవరకు వచ్చిందో కూడా తేలిపోతుంది.